చెప్పులు దులిపే చోటు

పెళ్లైన కొత్తలో మా ఆయనను మా ఊరికి తీసుకుపోయినప్పుడు ఊరు ఆయనకు చేసిన మొదటి మర్యాద, బూట్లు విప్పించి ముప్పావుగంట మన్నులో నిలబెట్టడం. ఆయనది గుంటూరు వైపు. అల్లుడు మొదటిసారి వస్తే పిండివంటలు ఉంటాయని అక్కడి నమ్మకం. మా వైపు కూడా ఉంటాయి, కాకపోతే ఇంటికీ పిండివంటలకూ మధ్య చౌడమ్మ వనం ఉంది. బద్వేలులో బస్సు దిగి, ఆటోలో ఎగిరెగిరి పడి, కొండ మొదట్లో ఉన్న మా ఊరు చేరి, కాఫీ తాగీ తాగకముందే "నేను పెరిగిన అడవి చూపిస్తా రా" అని నేనే బయల్దేరదీశాను. లోపల తిరిగినంతసేపు బాగానే ఉంది. ముళ్లకంప మధ్య బయటికొచ్చే సందు దగ్గర నాగమ్మత్త చీపురు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె మా నాన్నకు పెదనాన్న కూతురు. ఇప్పుడు అరవై దాటింది. "అల్లుడుగారూ, ఆ బూట్లు ఇట్ల ఇయ్యి" అంది. అవి పరుగెత్తడానికి కొన్న ఖరీదైన బూట్లు. ఆయన వాటితో ఏనాడూ పరుగెత్తలేదు. అడుగున లెక్కలేనన్ని గాడులు, గాడి గాడికీ వనం మన్ను. అత్త కొంగుకు ఉన్న పిన్నీసు తీసి ఒక్కొక్క గాడినీ గీకుతూ పోయింది. "ఇవి యాడ కొన్యావు నాయనా?" అని అడిగింది. "ఆన్‌లైన్‌లో అండీ" అన్నాడు. "మన్ను ఎత్తుకపోయేదానికే చేసినట్లుండాది" అని ఒక బలుసుగింజను గాడిలోంచి ఊడబెరికి సందులోపలికి విసిరింది. దారిలో ఆయన ఇదంతా ఏమిటని అడిగితే రెండు మాటల్లో చెప్పాను, నమ్మలేదు. ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీరూ నమ్మనక్కర్లేదు.

వనం అంటే పెద్ద అడవి అనుకోకండి. ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివర ఉన్నవాళ్లు "చిరంజీవ" అనగలిగేంత. చుట్టూ కొండ తిరుపతి పోయొచ్చిన తలలాగ ఉంటుంది, మధ్యలో ఈ ఒక్కటీ మంగలి మరిచిపోయిన కుచ్చు. దానికి చట్టం ఒక్కటే: లోపల ఉన్నది లోపల ఎంతైనా వాడుకోవచ్చు, బయటికి మాత్రం పుల్ల కూడా దాటకూడదు. రేగుపండ్లు, బలుసుపండ్లు, కలేకాయలు కడుపు పట్టినన్ని తినొచ్చు, గింజలు అక్కడే ఉమ్మాలి. ఎండుపుల్లలు ఏరుకుని శుక్రవారం అమ్మవారికి పొంగలి పెట్టొచ్చు, బూడిద అక్కడే వదలాలి. బెణికిన కాలికి ఆకు నూరి కట్టుకోవచ్చు, ఇంటికి పోయేటప్పుడు విప్పేయాలి. అందుకని మా ఊళ్లో కాలు బెణికినవాళ్లు పొద్దున్నే వనానికి పోయి, కట్టు కట్టుకుని, సాయంత్రం దాకా కూర్చుని, కట్టు విప్పి, కుంటుకుంటూ ఇంటికొచ్చేవాళ్లు. మర్నాడు మళ్లీ పోయేవాళ్లు. ఉద్యోగంలాగ. బయటికి పోయే హక్కు ఒక్క నీళ్లకే ఉండేది. వనం నడుమ ఒక ఊట ఉంది, ఆ నీళ్లు సన్నకాలువలో పారి సందు బయట రాతితొట్టిలో పడతాయి. తొట్టిలో పడిన నీళ్లు ఊరివి. లోపల కడవ ముంచితే తప్పు. పక్క ఊరికి కూడా ఒకప్పుడు ఇట్లాంటి వనం ఉండేదట. సున్నపు బట్టీలకు కట్టెలు అమ్ముకున్నారు. నా చిన్నతనానికి ఆ ఊరికి నీళ్లు ట్యాంకరులో వచ్చేవి, ట్యాంకరు వెనకాలే కొట్లాట వచ్చేది.

ఈ చట్టానికి పోలీసు, వకీలు, జడ్జి అన్నీ మా జేజినాయనే, అంటే మా నాన్న నాన్న చౌడప్ప. జీతం లేదు, నియామకం లేదు, వాళ్ల నాన్న చేశాడు కాబట్టి ఈయనా చేశాడు. మాది మగ్గాల ఇల్లు. నా చిన్ననాటి నిద్ర అంతా మగ్గం చప్పుడులోనే ముగిసేది. లేచేసరికి ఇంటి నిండా నూలుకు పెట్టే గంజి వాసన, పులిసీ పులియని వాసన, ఎంత కడిగినా చేతుల్లోంచి పోయేది కాదు. బళ్లో నా పక్కన కూర్చున్న పిల్లకు నన్ను చూస్తే ఆకలేసేదట. జేజినాయన ఎండ మగ్గం గుంత అంచు తాకేదాకా నేసి, లేచి, కాళ్లు దులుపుకుని, సంగటిముద్ద ఊరిబిండితో తిని, భుజాన తుండు వేసుకుని వనానికి పోయేవాడు. అది మా జేజికి గిట్టేది కాదు. రోజూ అదే సంభాషణ, సుప్రభాతంలాగ.

"మగ్గం మీద చీర నాలుగు దినాల్నించి అట్లనే ఉండాది. చెట్లేమన్నా నడిచిపోతాయా, కాపలా కాసేదానికి?"

"చెట్లు పోవు. మనుషులు మోసుకపోతారు."

"మోసుకపోతే నీకేంది?"

"నాకేం లేదు. తొట్టికాడ కడవ పెట్టేది నువ్వే గదా."

జేజి చేయి సంగటి కుండలోకి పోయేది. సంగటి ఇంకో పిడికెడు గిన్నెలోకి దబ్బున పడేది. అది ఒప్పుకోలు అని మేమంతా అర్థం చేసుకునేవాళ్లం.

చట్టం చిన్నదే కానీ వ్యాఖ్యానాలు చాలా ఉండేవి. పొంగలి వనం కట్టెలతో ఉడికింది కదా, దాన్ని ఇంటికి తేవచ్చా అని ఎప్పుడో తగవు వచ్చిందట. బియ్యం మనవి, మంట అమ్మవారిది, ఉడకడం ఎవరి ఖాతా అని పెద్దలు మూడు శుక్రవారాలు ఆలోచించి, తేవచ్చునని తేల్చారు. పొగను ఆపడానికి ఎవరూ ప్రయత్నించలేదు. ఎనిమిదో ఏట నాకు తెలివి ఎక్కువై, "లోపల గాలి పీల్చుకుని బయటికొస్తే అది దొంగతనం కాదా జేజినాయనా?" అని అడిగాను. ఆయన "లోపలే వదిలిపెట్టి రా" అన్నాడు. తర్వాత చాలా రోజులు సందు దాటే ముందు ఊపిరంతా వదిలేసి, బయట నాలుగడుగులు వేశాక పీల్చుకునేదాన్ని. ఆ నాలుగడుగుల్లో ఒకసారి కళ్లు తిరిగి తొట్టిలో పడ్డాను. జేజినాయన నన్ను పైకి తీసి, ముందు చెప్పులు దులిపించి, తర్వాత దెబ్బ తగిలిందేమో చూశాడు.

ఆ మరుసటేడు ముల్లు కేసు. వనంలో గుచ్చుకున్న ముల్లును గమనించకుండా ఇంటిదాకా నడిచొచ్చాను. జేజి మడమ ఒళ్లో పెట్టుకుని, సూదితో తీసి, "ఇంత ముల్లు పెట్టుకోని ఎట్ల నడిస్తివే" అని మురిసిపోతుంటే, జేజినాయన మగ్గం గుంతలోంచి మెడ సాచి "యాడిది ఆ ముల్లు?" అన్నాడు. అబద్ధం చెప్పే వయసే కానీ సమయం చాలలేదు. ముల్లును తమలపాకులో చుట్టి నా చేతికిచ్చి, ముందు ఆయన, వెనక కుంటుకుంటూ నేను, మైలు దూరం నడిచాం. లోపలికి పోయాక "ఏ చెట్టుదో దానికే ఇయ్యి" అన్నాడు. నేను ఎదురుగా ఉన్న పొద చూపించాను. "అది బలుసు. బలుసుకు అట్లాంటి ముల్లుండదు" అన్నాడు. ఇంకోటి చూపించాను. దానికి అసలు ముళ్లే లేవు. చివరికి ఆయనే రేగుచెట్టు మొదట్లో ముల్లు పెట్టించాడు. వచ్చేటప్పుడు ఇంకోటి గుచ్చుకుంది, ఈసారి సందు దాటకముందే కూర్చుని పీక్కున్నాను. మనిషి అనుభవంతో నేర్చుకుంటాడు.

ఇవన్నీ మాకు ఆటలు. ఆట కానిది ఆ ఏడు గాలివానతో వచ్చింది. ఊట పక్కనున్న నల్లమద్ది మాను పడిపోయింది. ముగ్గురు చేతులు కలిపితే తప్ప అందని మాను. మా ఊరి ప్రెసిడెంటు ఓబులప్ప అప్పుడే కొత్త ఇల్లు కట్టిస్తున్నాడు. గోడలు లేచాయి, వాకిలి మిగిలింది. పడిన మాను వార్త వినగానే ఆయనకు అందులో తన ద్వారబంధం, గడప, రెండు తలుపులు కనిపించాయి. ఓబులప్ప చెడ్డవాడు కాదు, కాకపోతే ఆరో తరగతితో చదువు మానేశాడు. మానకపోయి ఉంటే కోర్టులు ఏమైపోయేవో. మా ఇంటికొచ్చి మగ్గం గుంత అంచున గొంతుక్కూర్చున్నాడు.

"మామా, అది సచ్చిపోయిన మాను. నేను కొట్టలేదు, గాలి కొట్టింది. ఆడనే ఉంటే చెదలు తింటాయి. చెదలుకు పెడతావు, నాకు పెట్టవా?"

"చెదలు ఆడనే తిని ఆడనే ఉంటాయి గదప్పా. నువ్వు అట్ల ఉంటావా?"

"ఒక్క మాను మామా."

"పక్క ఊరోళ్లు గూడా ఒక్క మాను అనే మొదలుపెట్టిరి. మొన్న ట్యాంకరు కాడ తల పగిలినోడు ఎవురు, మీ చెల్లెలి మొగుడు గాదూ?"

ఓబులప్ప లేచాడు. "సరే. అందరికీ ఇదే న్యాయమా?" అని అడిగాడు. "అందరికీ" అన్నాడు జేజినాయన, నాడె అటునుంచి ఇటు విసురుతూ. ఓబులప్ప ఆ మాటను జాగ్రత్తగా తీసుకుని పోయాడు. దాన్ని వాడుకునే రోజు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు, ఎక్కువ రోజులు చూడనక్కర్లేకపోయింది.

నాగమ్మత్తకు అప్పుడు నాలుగు మేకలు, వాటి మీదే ఇల్లు. మామ లేడు. అందులో ఒక మేక ఈని మూడు రోజులైంది, రెండు పిల్లలు. బాలింత మేకకు ఏం తినాలనిపించిందో, ముళ్లకంప దాటి వనంలో దూకి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తీరుబడిగా మేసింది. మేకలకు వనంలో ప్రవేశం లేదు, అది అందరికీ తెలుసు, మేకకు తప్ప. జేజినాయన దాన్ని చెవి పట్టుకుని సందు దాకా తెచ్చేసరికి ఓబులప్ప అక్కడ నిలబడి ఉన్నాడు. ఒక్కడే కాదు, ఊళ్లో పనిలేనివాళ్లను పోగుచేసుకుని వచ్చాడు. ఆ గాలివాన తర్వాత మళ్లీ చినుకు లేదు కాబట్టి అందరూ పనిలేనివాళ్లే.

"మామా, ఈ మేక కడుపులో ఏముండాది?"

"ఆకు."

"యాడ ఆకు?"

"వనంలోది."

"మరి మేక బయటికొస్తే ఆకు బయటికొచ్చినట్లా, రానట్లా?"

జేజినాయన మేక చెవి వదల్లేదు. వల ఎక్కడుందో ఆయనకు కనిపించింది, నాకు కూడా కనిపించింది. మేకను వదిలితే మర్నాడు మద్దిమాను వస్తుంది. మాను వెనక దాని పక్క చెట్టు, దాని వెనక మిగతావి, ఆ తర్వాత మా ఊరికీ ట్యాంకరు. మేకను వదలకపోతే ఇంట్లో రెండు పిల్లలు పాలు లేక చస్తాయి. నాగమ్మత్త అప్పటికే పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఏంది చిన్నాయనా మీ న్యాయం? ఇంటికాడ పిల్లలు అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటాండాయి. కడుపు కోసి ఆకు తీసుకుంటారా?" అంది.

"కోసేదెందుకు నాగమ్మా. అదే ఇస్తాది" అన్నాడు జేజినాయన.

"ఎప్పుడు?"

"దానికి తోచినప్పుడు."

తీర్పు అది. మేక వనంలో తిన్నదంతా వనంలోనే వేసి అప్పుడు బయటికి రావాలి. జనం తలలూపారు, చట్టప్రకారం బాగానే ఉంది. తాము తిన్న పండ్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఒక్క చిక్కు ఏమిటంటే మేక లోపల ఉన్నంతసేపూ మళ్లీ మేస్తుంది. మేసినంతకాలం కడుపులో వనం ఉంటుంది. వనం ఉన్నంతకాలం బయటికి రాదు. ఈ లెక్కన అది అక్కడే ముసలిదై పోవాలి. ఎవరో ఇంటికి పోయి ఎద్దు మూతికి కట్టే చిక్కం తెచ్చి మేకకు కట్టారు. మేకకు చిక్కం పెద్దదై చెవులదాకా దిగింది. బయటి మేత మాత్రమే పెట్టాలన్నారు. మరి ఏది బయటి మేతది, ఏది వనానిది, ఆ వెనకనుంచి వచ్చేటప్పుడు ఎట్లా తెలుస్తుంది అని ఓబులప్ప అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జేజినాయన ఊరి బయటి తుమ్మకాయలు తెమ్మన్నాడు. వనంలో తుమ్మచెట్టు లేదు. మేక పెంటికల్లో తుమ్మగింజ కనిపించిన క్షణం, వనం బాకీ తీరినట్టు. తుమ్మకాయలు ఏరుకొచ్చే పని పిల్లలకు పడింది. నేను రెండు గంపలు ఏరాను, ఇప్పటికీ నా జీవితంలో ఇంత ఉపయోగపడిన పని ఇంకోటి చేశానని చెప్పలేను.

ఇక మేకపిల్లల సంగతి. పాలకోసం వాటిని లోపలికే తెచ్చారు. అవి తల్లిని గుద్ది గుద్ది తాగుతుంటే, ఓబులప్ప గొంతు సవరించుకున్నాడు. "ఆ పాలు దేన్నుంచి వచ్చినాయి మామా?" అన్నాడు. వనం ఆకునుంచే. పిల్లలు కూడా లోపలే ఉండాల్సి వచ్చింది. నాగమ్మత్త తల పట్టుకుంది. "నేను రోంత పాలు పిండుకోని టీ తాగితే నన్ను గూడా ఈడనే పెడతారా?" అని అడిగింది. జేజినాయన ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు. "తాగద్దు" అన్నాడు. ఆ తర్వాత మూడు రోజులు మా ఊరి పగళ్లు మేక వెనకాల గడిచాయి. బడికి రాని మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిన సారు కూడా మాతోపాటు కూర్చున్నాడు. మేక తోక లేపినప్పుడల్లా జనం మాటలు ఆపేవాళ్లు. మా జేజి అందరికీ సంగటి తెచ్చి, ఆ దృశ్యం ఒకసారి చూసి, "నేసే మొగుడని చేసిరి మా నాయనోళ్లు. మేక తోక చూసే మొగుడైపాయె" అని నాగమ్మత్తకు మాత్రం రెండు ముద్దలు ఎక్కువ పెట్టి పోయింది.

మూడోరోజు మధ్యాహ్నం మేక తోక లేపింది. ఓబులప్పే వంగి, పుల్లతో విడదీసి చూశాడు. ప్రెసిడెంటు హోదాలో ఆయన చేసిన తనిఖీలన్నింటిలో అదే శ్రద్ధగా చేసిందని మా నాన్న ఇప్పటికీ అంటాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత నిటారుగా నిలబడి, "తుమ్మగింజే" అన్నాడు. మేకపిల్లలను ఇంకో పూట ఉంచి వదిలారు. నాగమ్మత్త మేకను ముందర, పిల్లలను చంకల్లో పెట్టుకుని, జేజినాయన వైపు చూడకుండా సందు దాటింది. నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ మూడు రోజుల కూలి పోయింది కదా, మాట్లాడకపోవడం న్యాయమే. జేజినాయనకు కూడా అట్లాగే తోచినట్టుంది. మగ్గం మీది చీర దిగగానే దాన్ని ఆమె గుమ్మం మీద పెట్టి వచ్చాడు. ఆమె అది కట్టుకుని ఎదురుగా వచ్చి కూడా మాట్లాడలేదు.

ఓబులప్ప ఓడిపోయాడని మేమనుకున్నాం. ఆ సోమవారమే ఆయన వడ్రంగిని, ఇద్దరు కోతపనివాళ్లను వెంటేసుకుని సందు దగ్గరికి వచ్చాడు.

"లోపల వాడుకోవచ్చు గదా మామా?"

"వాడుకో."

"మానుతో వాకిలి చేయించుకుంటా."

"చేయించుకో."

"ఆడనే నిలబెట్టుకుంటా."

జేజినాయన చెవి గోక్కున్నాడు. చట్టమంతా మనసులో ఒకసారి తిరగేసినట్టున్నాడు. "నిలబెట్టుకో" అన్నాడు.

నెలపైన పని జరిగింది. సాయంత్రాలు పనివాళ్లు సందు దగ్గర తలలోంచి రంపపుపొట్టు దులుపుకోవడానికే ఇంకో గంట పట్టేది. చివరికి ఊట పక్కన, చెట్ల మధ్య, అటు గోడ లేదు ఇటు గోడ లేదు, ఆరడుగుల ద్వారబంధం, చిలుకలూ తామరలూ చెక్కిన రెండు తలుపులు, పసుపు రాసిన గడప నిలబడ్డాయి. ఓబులప్ప రోజూ పొద్దున పోయి, తాళం తీసి, తలుపులు తెరిచి, ఇటునుంచి అటు నడిచి, మళ్లీ తాళం వేసి వచ్చేవాడు. పక్కనుంచి ఎవరైనా పోవచ్చు. ఎవరూ పోయేవాళ్లు కాదు. తాళం వేసిన వాకిలి పక్కనుంచి పోవడం మర్యాద కాదని అందరికీ తోచింది. ఆయన ఉద్దేశం, ఇంత మంచి పని వృథాగా నిలబడటం చూసి జేజినాయన మనసు కరుగుతుందని. జేజినాయన రోజూ దాని దగ్గరికి పోయి, చెక్కడాన్ని వేలితో తడిమి, "శానా బాగుండాది ఓబులప్పా. వడ్లాయన చేయి మంచిది" అని, గడపకు దండం పెట్టుకుని వచ్చేవాడు. కరిగింది ఓబులప్పే, కాకపోతే కోపంతో.

ఊళ్లో మాత్రం కొత్త ఇంటికి వాకిలి ఉండాల్సిన చోట గోనెపట్ట వేలాడుతోంది. కుక్కలు లోపలికి పోయి చల్లగా పడుకునేవి. గడప లేకుండా గృహప్రవేశం ఎట్లా చేయిస్తానని అయ్యవారు కూర్చున్నాడు. ఇంకో వాకిలి కొందామంటే ఓబులప్పకు మాట పోతుంది. చివరికి ఆయన భార్య లక్షుమ్మ తొట్టి దగ్గర కడవ దింపి, అందరికీ వినబడేలా, "ఊర్లో అందరి మొగుళ్లూ ఇంటికి వాకిలి పెట్టించినారు. నా మొగుడు అడివికి పెట్టించినాడు. నేను గూడా ఆ వాకిట్లోనే ముగ్గేసుకుంటా, చేటా చీపురూ ఆడికే పంపించండి" అంది. రెండో రోజు బద్వేలునుంచి ఆటో మీద ప్లైవుడ్ తలుపు వచ్చింది. మొదటి వానకు ఉబ్బింది, ఆ తర్వాత పూర్తిగా మూసుకున్నది లేదు.

అక్కడితో అయిపోవాలి. కానీ మనిషి ఒకచోట అంత పనితనం పెట్టి వదిలేసి రాలేడు. వనంలో మేకలు దూరితే తలుపుకు ఒళ్లు రాసుకుంటాయని ఓబులప్ప కంప సరిచేయడం మొదలుపెట్టాడు. పక్క ఊరి కట్టెల దొంగలు తలుపులు ఎత్తుకపోతారని మధ్యాహ్నాలు కాపలా కూర్చున్నాడు. ఎండాకాలం కొండకు మంట అంటుకుంటే తన వాకిలి కాలిపోతుందని ఊరందరినీ లేపి, వనం చుట్టూ గడ్డి కోయించి మంట ఆపించాడు. వనాన్ని కాపాడుతున్నానని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. ఎవరైనా అంటే పోట్లాటకు వచ్చేవాడు. "నా వాకిలి నేను చూసుకుంటాండా" అనేవాడు. జేజినాయన ఆ మాటకు ఏనాడూ నవ్వలేదు. నవ్వకపోవడంలో ఆయన పెద్దరికమంతా ఉంది. నేనైతే నవ్వేదాన్ని, అందుకే నన్ను ఏ వనానికీ కాపలా పెట్టలేదు.

నేను కర్నూలులో కాలేజీ చదివే రోజుల్లో ఒకసారి సెలవులకు వచ్చి చూస్తే, జేజినాయన సందు బయటే రాయి మీద కూర్చుంటున్నాడు. లోపలికి పోవడం మానేశాడట, ఆరునెలలైంది. మోకాళ్లని జేజి అంది. అమ్మవారి మీద అలిగాడని నాన్న అన్నాడు. శుక్రవారం పొంగలికి కూడా పోకుండా, ఇంటి అరిటాకులో పెట్టి తెచ్చిచ్చింది బయటే తిన్నాడు. నాకు ఆరాలు తీయడం అలవాటు కదా, పక్కన కూర్చుని అడిగాను.

"ఏం జేజినాయనా, లోపలికి పోతాలేవంట?"

"లోపల ఉన్నట్లుండి నా పానం పోయిందనుకో. ఏం చేస్తారు?"

"ఇంటికి తీసుకొస్తారు."

"ఎట్ల తెస్తారు మే? డెబ్బై ఏండ్లు ఆడ పండ్లు తింటి, ఆ నీళ్లు తాగితి. మేకనే మూడు దినాలు పెట్టినోన్ని. నన్నెన్ని దినాలు పెట్టాల?"

"నువ్వు మనిషివి. మేకవా, పుల్లవా?"

"మనిషినని తెస్తారు. తప్పకుండా తెస్తారు" అన్నాడు. "నన్ను తెచ్చినోళ్లు మర్నాడు మానును గూడా తెస్తారు. తేవద్దని చెప్పేదానికి నేనుండను. నాగమ్మ అడగదా, నా మేకకొక న్యాయం, ఆయప్పకొక న్యాయమా అని? వాళ్లకు ఆ ఇబ్బంది ఎందుకు. ఈడైతే గాలి గూడా బాగుండాది."

అది వేళాకోళమే అయినట్టు నటించి నవ్వాను, ఆయన నా నటనకు గౌరవమిచ్చి తానూ నవ్వాడు. లోపల కలేకాయలు పండే రోజులు. ఆ వాసన సందు దాకా వస్తోంది. ఆయన ముక్కు అటే తిప్పి కూర్చున్నాడు కానీ కాలు మాత్రం తీసి అటు పెట్టలేదు. ఆ మరుసటేడు ఇంట్లోనే, మగ్గం గుంత పక్కన మంచం మీద, వనానికి సరిగ్గా మైలు దూరంలో, ఎవరికీ ఏ తీర్పూ చెప్పాల్సిన అవసరం కల్పించకుండా పోయాడు. అప్పటికి నాగమ్మత్త ఆయనతో మాట్లాడటమే కాదు, పోట్లాడటం కూడా చేసేది. పన్నెండో రోజు కాగానే ఎవరూ చెప్పకుండా చీపురు తీసుకుని పోయి సందు దగ్గర కూర్చుంది. ఓబులప్ప ఆమెకు నీడ కోసం నాలుగు గుంజలు పాతాడు. బయటి కర్రలే.

ఈ ఎండాకాలం నేనొక్కదాన్నే పోయాను. కొండకు అవతలి వైపు కంకర తవ్వుతున్నారు, గుంత మా ఊరికన్నా పెద్దదైంది. మగ్గాలు రెండిళ్లలో మిగిలాయి. బోర్లు ఒకదాన్ని చూసి ఒకటి ఎండిపోయాయి. మా చిన్నప్పుడు తొట్టిలో నీళ్లు మణికట్టు లావున పడేవి, ఇప్పుడు చిటికెనవేలు లావు. కానీ పడుతున్నాయి. పక్క ఊరివాళ్లు ఇప్పుడు కడవలు పట్టుకుని మా తొట్టి దగ్గరికే వస్తున్నారు, వరసలో నిలబడి మా చట్టాన్ని గురించి నవ్వుకుని, నీళ్లు పట్టుకుని పోతున్నారు. నాగమ్మత్తకు దూరంగా, కంపకు ఇవతల, ఓబులప్ప మామ తువ్వాలు పరుచుకుని కూర్చుని ఉన్నాడు. తలుపుల రెక్కలు చెదలు తినేశాయట. ద్వారబంధం మాత్రం నిలబడే ఉందని, దానికి అడవిమల్లె పాకిందని అత్త చెప్పింది.

"లోపలికి పోలేదా మామా, నీ వాకిలి చూసుకునేదానికి?" అన్నాను, ఎప్పటిలాగే ఎగతాళిగా.

"ఈడ్నించే కనపడతాది."

కనపడదు. మధ్యలో బలుసుపొదలు మనిషెత్తు లేచి ఉన్నాయి.

"పోక ఎన్నాళ్లైంది?"

"రెండేండ్లు."

"మోకాళ్లా?"

ఆయన తువ్వాలు మీద లేని మన్నును కాసేపు తట్టాడు.

"నాకూ డెబ్బై దాటినాయి గదమ్మీ."